మన బతుకు మీద తరగతిలో ఓటింగ్ పెట్టొచ్చా?

పోస్టు పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి. మన గ్రూపులో సగం మంది ఇంకా చదువుకుంటున్న వాళ్లే. మిగతా వాళ్లలో చాలామంది డీఈడీ, బీఈడీ అయిపోయి డీఎస్సీకి తయారవుతున్నారు. అందుకే ఈ విషయం రెండు వైపుల నుంచీ మనదే. ఈరోజు బెంచీ మీద కూర్చున్నదీ మనమే, రేపు సుద్దముక్క పట్టుకునేదీ మనమే.

బడుల్లో, కాలేజీల్లో డిబేట్లు పెడతారు కదా. "రిజర్వేషన్లు ఉండాలా, పోవాలా?" "1/70 చట్టం అభివృద్ధికి అడ్డమా?" "గిరిజన ఆచారాలు మూఢనమ్మకాలేనా?" అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. చివర్లో ఎవరికి చప్పట్లు ఎక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు. పెట్టే సారుకు చాలాసార్లు చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. పిల్లలు భయం లేకుండా మాట్లాడాలనే పెడతారు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా పిల్లలు ప్రశ్నించాలి, చర్చించాలి అనే చెప్పింది. దానికి మేము అడ్డం చెప్పట్లేదు. అసలు చర్చ అనేది మనకు ఎవరో వచ్చి నేర్పింది కాదు. గోండు గూడేల్లో పటేలు ముందు, రాయిసెంటర్లో సార్మేడి ముందు గంటలకొద్దీ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకున్న తగాదాలు ఎన్నో. కానీ అక్కడ తగాదా ఉన్నవాళ్లు మాట్లాడతారు. సంబంధం లేనోడు సరదాకి ఒక పక్క తీసుకుని వాదించడు, చప్పట్లు లెక్కపెట్టుకోడు.

మరి ఏది తరగతిలో డిబేట్‌గా పెట్టకూడదు? దీనికి "సున్నితమైన విషయాలు వద్దు" అని ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తే మనకే నష్టం. మన చరిత్ర మొత్తం సున్నితమే. ఆ మాట పట్టుకుని ఇంద్రవెల్లినీ, జోడేఘాట్‌నీ పాఠంలోంచే తీసేస్తారు. కాబట్టి ఒక్కో సంగతినీ విడిగా చూద్దాం.

మొదట నేరస్థ తెగల చట్టం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులు అని రాసుకుంది. 1911లో చట్టాన్ని పెంచి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చింది. మన ఎరుకల వాళ్లు అందులో పడ్డారు. పేర్లు రిజిస్టరులో ఎక్కించడం, వేలిముద్రలు తీసుకోవడం, హాజరు వేయించుకోవడం, ఊరు దాటాలంటే పాసు అడగడం, ఇదంతా అప్పటి కథ. ఇంకా చెడ్డ సంగతి ఏమిటంటే, పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతికి ఇచ్చి బాపట్ల దగ్గర ఒక సెటిల్మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద అది స్టూవర్టుపురం అయింది. కావలి దగ్గర ఇంకో సెటిల్మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో పోయింది, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న రద్దయింది.

చట్టం పోయినా పేరు పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతో పోలీస్ స్టేషన్ సినిమా వచ్చింది, 2023లో ఆ ఊరి దొంగ కథ అని ఇంకోటి వచ్చింది. ఇప్పుడు ఒక తరగతి ఊహించండి. ముప్పై మంది పిల్లల్లో ఒకడు ఎరుకల పిల్లాడు. సారు బోర్డు మీద "నేరం రక్తంలో వస్తుందా, పరిసరాల వల్ల వస్తుందా?" అని రాసి రెండు జట్లు చేశారు. సైన్సు దృష్టితో చూస్తే మామూలు ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ మొదటి జట్టు వాడు ఉదాహరణకు ఏ ఊరి పేరు చెబుతాడో మనందరికీ తెలుసు. ఆ పిల్లాడు అప్పటి నుంచి ఆ గదిలో విద్యార్థి కాదు, రుజువు. అందరూ వాడి వైపు తిరిగి చూస్తారు.

ఇంకో సంగతి ఉంది, మాకు ఇది ఇంకా పెద్దది అనిపిస్తుంది. ఆ నలభై నిమిషాల పీరియడ్‌లో అసలు చరిత్ర రానే రాదు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో అచ్చయిన తన పుస్తకంలో మద్రాసు ప్రెసిడెన్సీ కొరవల గురించి వివరంగా రాశారు. మన దగ్గర ఎరుకల అంటామే, వాళ్లే. ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు మోసుకుపోయి ధాన్యానికి మార్చుకునే వ్యాపారులు వాళ్లు. ఉప్పు మీద కంపెనీ, తర్వాత సర్కారు పెత్తనం పెరిగింది. 1856లో మద్రాసులో మొదటి రైలు నడిచింది, తర్వాత లైన్లు పెరిగే కొద్దీ ఉప్పు రైలెక్కింది. ఆపైన 1876-78 కరువు. అడవిలో పశువుల మేతకూ కట్టుబాట్లు వచ్చాయి. బతుకుతెరువు పోయిన వాళ్లను, తిరుగుతూనే ఉన్నారు కాబట్టి, అనుమానితులని రాసుకున్నారు. లంబాడాల కథ కూడా దీనికి దగ్గరే. దక్కన్‌లో సైన్యాలకు ఎద్దుల మందలతో ధాన్యం మోసిన జాతి రైలు వచ్చాక ఏమైందో మన తాతలు చెప్పిందే.

ఇది తెలిస్తే "రక్తమా, పరిసరాలా" అనే ప్రశ్నే నిలవదు. ప్రశ్నలోనే మోసం ఉంది. "ఈ జాతికి నేరస్థులన్న ముద్ర ఎవరు వేశారు, ఎందుకు వేశారు?" అనేది అసలు ప్రశ్న. దానికి కాగితాలున్నాయి, చట్టం ఉంది, రైల్వే మ్యాపు ఉంది. తేలిపోయిన దాన్ని తేలనట్టు పెట్టి రెండు జట్లు చేయడం చర్చ కాదు. అబద్ధానికి నిజంతో సమానంగా కుర్చీ వేయడం అది.

వేరే దేశంలో కూడా దీని మీద తల పట్టుకున్నారు. హిట్లర్ కాలం చూసిన జర్మనీలో, బడిలో రాజకీయాలు ఎలా చెప్పాలని 1976లో బోయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో పండితులు కూర్చుని మాట్లాడారు. మూడు మాటలు తేలాయి. టీచరు తన అభిప్రాయాన్ని పిల్లల మీద రుద్దకూడదు. సమాజంలో, విద్వాంసుల్లో నిజంగా వివాదంగా ఉన్నది తరగతిలో కూడా వివాదంగానే చూపాలి. పిల్లలు తమ పరిస్థితిని తామే అర్థం చేసుకునే శక్తి పొందాలి. రెండో మాటను జాగ్రత్తగా చదవండి. నిజంగా వివాదంగా ఉన్నదే. యూదుల మారణహోమం జరిగిందా లేదా అని జర్మనీలో ఏ టీచరూ డిబేట్ పెట్టడు, జరగలేదనడం అక్కడ నేరం. అమెరికాలో డయానా హెస్, పౌలా మెకావోయ్ 2015లో రాసిన పుస్తకంలో కూడా తేలిన ప్రశ్నలు వేరు, తేలని ప్రశ్నలు వేరు అని విడదీస్తారు. మాకు ఈ విభజన పనికొస్తుంది కానీ చాలదు. మన దగ్గర తేలని ప్రశ్నల్లో కూడా డిబేట్‌కు పనికిరానివి ఉన్నాయి. భూమి సంగతే చూడండి.

ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1917లోనే మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1959లో ఒక రెగ్యులేషన్ వచ్చింది, దాన్ని గట్టిపరిచింది 1970 నాటి 1వ రెగ్యులేషన్, మనం 1/70 అనేది అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 1997 జులై 11న సమతా కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఆ భూముల్ని గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వడానికి లేదంది. అది అనంతగిరి మండలం బొర్రా వైపు గనుల గొడవ.

ఇది పెద్దవాళ్ల మధ్య తేలని విషయమే, ఒప్పుకుంటాం. అసెంబ్లీలో మాట్లాడతారు, కోర్టుల్లో కేసులున్నాయి. కానీ ఏజెన్సీ మండలంలోని ఒక హైస్కూలు తరగతిలో ఎవరెవరు కూర్చుంటారు? భూమి పోయిన ఇంటి పిల్ల, ఆ భూమి దున్నుతున్న ఇంటి పిల్లాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. టీచరు అద్దెకుండే ఇల్లు ఎవరిదో, ఆ ఇంటి స్థలం ఎవరి పేరు మీదుందో ఊరందరికీ తెలుసు. అక్కడ "1/70 ఉండాలా, తీసేయాలా" అని చప్పట్లు అడిగితే అది సోషల్ పాఠం కాదు. సాయంత్రం ఇళ్ల దగ్గర దాని లెక్కలు తేలతాయి. ఎవరి అబ్బాయి ఏమన్నాడు, ఎవరి నాయన కూలికి ఎవరి చేనుకు పోతాడు అనేది కలుస్తుంది. అలాంటి చోట బలహీనుడు నోరు మూసుకుంటాడు. మర్నాడు స్టాఫ్ రూములో "గిరిజన పిల్లలు చర్చలో పాల్గొనరండీ, బిడియం ఎక్కువ" అంటారు. ఆ మాట మనం ఎన్నిసార్లు విన్నామో.

1981 ఏప్రిల్ 20 ఇంద్రవెల్లి కూడా భూమి దగ్గర నుంచే వచ్చింది. సభకు వస్తున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది, పౌరహక్కుల వాళ్లు అంతకంటే ఎన్నో రెట్లు అన్నారు. కట్టిన స్థూపాన్ని 1986లో పేల్చేశారు, మళ్లీ కట్టుకున్నాం. ఏటా ఆ రోజు అక్కడికి పోవడానికి కూడా ఎన్నో ఏళ్లు ఆంక్షలే. దీన్ని "కాల్పులు సమర్థనీయమా?" అని డిబేట్ పెడితే, కాల్చింది సరే అని వాదించాల్సిన ఐదుగురు పిల్లలను సారు తయారు చేస్తున్నట్టు. వాళ్లెదురుగా చచ్చిపోయిన మనిషి మనవరాలు కూర్చుని ఉండొచ్చు. పాఠంగా మాత్రం చెప్పాల్సిందే, గట్టిగా చెప్పాలి. 13 అనే అంకె ఎక్కడిది, పెద్ద అంకె ఎక్కడిది, రెంటికీ ఆధారం ఏమిటి అని పిల్లలతో వెతికించొచ్చు. అందులో ఎవరి దుఃఖమూ ఆట అవ్వదు.

ఇక రిజర్వేషన్లు. మాలో ఒకరికి ఇంటర్లో జరిగింది ఇది. కాలేజీ పేరు వద్దు. డిబేట్‌లో ఆమెను కావాలనే "వద్దు" అనే జట్టులో వేశారు, "న్యూట్రల్‌గా ఆలోచించడం నేర్చుకోవాలమ్మా" అన్నారు. ఆమె బాగా మాట్లాడింది, బహుమతి కూడా వచ్చింది. తర్వాత రెండేళ్లు హాస్టల్లో ఎవరు వాదన పెట్టుకున్నా "మీ పిల్లే అనింది కదా" అనేవాళ్లు. ఆ బహుమతి స్టీలు గ్లాసు ఇంట్లో ఇప్పటికీ ఉంది, ఎవరూ వాడరు.

రిజర్వేషన్ల గురించి తరగతిలో మాట్లాడొద్దని మేము అనం. మాట్లాడకపోవడం వల్లే కదా ఇన్ని అపోహలు. చంపకం దొరైరాజన్ కేసు, దాని వెంటనే 1951లో మొదటి రాజ్యాంగ సవరణ ఎందుకొచ్చింది, 15(4) అంటే ఏమిటి, 16(4) అంటే ఏమిటి, ఇవి చెప్పాలి. ఉపవర్గీకరణ మీద, క్రీమీలేయర్ మీద కోర్టులు ఏమన్నాయో డిగ్రీ పిల్లలు వాదించుకోవచ్చు. "ఉండాలా, పోవాలా" అని పెట్టినప్పుడు మాత్రం ప్రశ్న మారిపోతుంది. "నీ పక్కన కూర్చున్న వాడు ఇక్కడ ఉండటం న్యాయమేనా" అని అడిగినట్టవుతుంది. తాను ఆ గదిలో ఉండటానికే సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పిల్లకు, సరదాకి వాదించే పిల్లకు ఒకటే మూడు నిమిషాల టైము ఇస్తే అది సమానం ఎట్లా అవుతుంది?

కొంతమంది అంటారు, రాజ్యాంగ సభలో కూడా ఇవన్నీ చర్చించారు కదా అని. చర్చించారు. అక్కడ మన తరఫున జైపాల్ సింగ్ ముండా ఉన్నారు. 1946 డిసెంబర్‌లో లేచి నిలబడి, తనను జంగ్లీ అన్నా గర్వమేనన్నారు, ప్రజాస్వామ్యం ఆదివాసులకు మీరు నేర్పేది కాదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి అనే అర్థంలో మాట్లాడారు. ఆయన సభ్యుడు. ఆయనకు ఓటు ఉంది, ఎదుటివాళ్లతో సమానమైన కుర్చీ ఉంది. ఆయనకు ఇంటర్నల్ మార్కులు వేసే వాళ్లు ఆ సభలో ఎవరూ లేరు.

మార్కుల సంగతి వచ్చింది కాబట్టి భాష సంగతి కూడా. డిబేట్ ఏ భాషలో జరుగుతుంది? ఇంట్లో గోండి, కొలామి, కువి, సవర మాట్లాడే పిల్ల బడిలో తెలుగు నేర్చుకుని, ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో కూర్చుంది. మూడో భాషలో తన జాతి గౌరవాన్ని కాపాడుకోవాలి. ఎదుటివాడు సొంత భాషలో కొడుతున్నాడు. గెలుపు ఎవరిదో ముందే తెలుసు.

ఇప్పుడు ఈ విషయం ఎందుకు తొందర అంటే, 3వ నంబరు జీవో పోయింది. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవో షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. అంతకు ముందు 1986లో 275 జీవో ఉండేది, అది నిలవలేదు. ఏజెన్సీ బడుల్లో టీచర్లు ఉండకపోవడం, వచ్చినా కొండెక్కకపోవడం, వీటి వల్లే ఆ జీవోలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం 3వ జీవోను కొట్టేసింది. అప్పటికే చేరిన వాళ్ల ఉద్యోగాలను షరతుల మీద ఉంచింది. ఇక ముందు మన పిల్లల ఎదుట నిలబడే టీచర్లలో మైదానం వాళ్లు ఎక్కువవుతారు. వాళ్లలో మంచివాళ్లు బోలెడు మంది, మనకు చదువు చెప్పిన వాళ్లలో అలాంటి వాళ్లున్నారు. కానీ ఇంద్రవెల్లి ఎక్కడుందో తెలియకుండా అక్కడికి పోస్టింగ్ మీద రావడం సాధ్యమే. తెలియని వాళ్లు నోటీసు బోర్డు మీద డిబేట్ టాపిక్ రాస్తారు.

మన మాట కూడా ఒకటి మాట్లాడుకోవాలి. 2017 చివర్లో ఉమ్మడి ఆదిలాబాద్‌లో జరిగింది మీకందరికీ గుర్తే. 1976 సవరణ చట్టంతో తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు. ఆ చేరిక మీద ఆదివాసీ సంఘాల ఉద్యమం, కొన్ని గూడేల్లో లంబాడా టీచర్లను బడికి రానివ్వకపోవడం, ఆ డిసెంబర్‌లో గొడవలు, ఇంటర్నెట్ ఆపేయడం. ఈ గ్రూపులో రెండు వైపుల వాళ్లమూ ఉన్నాం, ఆ వాదన ఇక్కడ తెరవట్లేదు. అడిగేది ఒక్కటే. ఆ రోజుల్లో ఒక గోండు సారు గానీ, ఒక లంబాడా మేడం గానీ తరగతిలో "జాబితాలో ఉండాలా, వద్దా" అని చేతులెత్తమంటే ఏమయ్యేది? ప్రశ్న తేలనిదే. పెద్దవాళ్లు కోర్టుకు పోయి తేల్చుకోవాల్సిందే. కానీ టీచరే ఒక కక్షిదారు. కక్షిదారు న్యాయమూర్తి కుర్చీలో కూర్చుని, పన్నెండేళ్ల పిల్లలను సాక్షులుగా పిలవకూడదు. మైదానం సారుకు మనం చెప్పే మాట మన సారుకూ వర్తిస్తుంది. ఇక్కడ మినహాయింపు అడిగితే పైన రాసిందంతా వేస్టు.

మరి పిల్లలే అడిగితే? అడుగుతారు. ఎనిమిదో తరగతి పిల్లాడు లేచి "సార్, మీరు మా వైపా, వాళ్ల వైపా?" అంటాడు. నోరు మూయమంటే వాడు ఆ జవాబు వాట్సాప్‌లో వెతుక్కుంటాడు. జాబితా అంటే ఏమిటి, ఎవరు తయారుచేస్తారు, మార్చాలంటే పార్లమెంటు ఎందుకు కావాలి, 342వ అధికరణ ఏం చెబుతుంది, ఇవి చెప్పొచ్చు. నా వైపు నేను ఇక్కడ చెప్పను అని కూడా చెప్పొచ్చు. అది తప్పించుకోవడం కాదు.

డీఎస్సీ రాసే వాళ్లకు మా సలహా ఒకటుంది. టాపిక్ ఎంచుకునే ముందు తరగతిలో ఒక్కొక్క పిల్ల మొహం గుర్తు చేసుకోండి. ఈ ప్రశ్నకు జవాబు ఎవరి ఇంటి గడప తొక్కుతుందో చూడండి. తొక్కుతుందనిపిస్తే ఆ విషయాన్ని వదిలేయొద్దు, డిబేట్ రూపాన్ని వదిలేయండి. పాఠంగా, కాగితాల వెతుకులాటగా, ఊరి పెద్దలను అడిగి రాసుకొచ్చే పనిగా మార్చండి. డిబేటే కావాలంటే బోలెడు ఉన్నాయి. మేడారం జాతరలో ప్లాస్టిక్ సంచులు ఆపాలా, హాస్టల్లో ఫోన్లు ఉండాలా, మండల కేంద్రంలో బస్టాండు ఎక్కడ కట్టాలి. వీటి మీద కొట్టుకున్నా సాయంత్రం కలిసి వాలీబాల్ ఆడుకుంటారు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు: మీకు ఇష్టం లేని జట్టులో వేస్తే "నేను మాట్లాడను సార్, విని రాసుకుంటాను" అనొచ్చు. మర్యాదగా చెబితే చాలామంది సార్లు వింటారు. వినకపోతే ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి హెడ్ మాస్టరు దగ్గరికి పోండి. పోయేటప్పుడు కోపం కాకుండా వేరే టాపిక్ ఒకటి చేతిలో పెట్టుకుని పోండి.

1940లో కొమరం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది, గోండి భాషలో దేవనాగరి లిపితో వాచకాలు వచ్చాయి. ఆ బడుల్లో పాఠం ఎలా చెప్పేవాళ్లు, అది ఎందుకు నిలవలేదు అనేది వచ్చే పోస్టులో రాస్తాం. మార్లవాయి వైపు వాళ్లు ఎవరైనా ఉంటే, ఇంట్లో తాతల కాలం నాటి పాత వాచకం ఒక్క పేజీ దొరికినా ఫోటో పెట్టండి.